రంగు మాటున మోసం

పీచుమిఠాయికి గులాబీ రంగు రావాలని కొందరు రోడమైన్-బి కలుపుతారు. అది బట్టలకు వేసే రంగు. పరీక్షల్లో ఈ సంగతి బయటపడగా 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడరాదని ఆదేశించింది.

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందన్నాడు వ్యాపారి. అయితే దాన్ని జనానికి కనబడేలా పైనే ఉంచవలసిందని ఆయన మందలించారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని హదీసు ఇది.

అక్కడ తడిని దాచింది పై గింజలు. ఇక్కడ హానిని దాచేది రంగు. సరుకు హలాల్ అయినా మోసంతో వచ్చిన లాభం హలాల్ కాదు. అధికారి తనిఖీకి రాని రోజు కూడా అల్లాహ్ చూస్తూనే ఉంటాడు. ఆయన మనకు పరిశుద్ధమైన ఉపాధి ప్రసాదించుగాక! ఆమీన్.