గుండె లయను దిద్దు మందులు: వాని దుష్ఫలితములు, తీసికొనవలసిన జాగ్రత్తలు

బిలాస్‌పూర్‌నకు సమీపమున, హౌరా–ముంబయి రైలుమార్గముపై నున్న చిన్న పట్టణము చకర్‌భాటా. బెంగాల్–నాగపూర్ రైల్వే కాలమునుండి ఉద్యోగార్థము వచ్చి బిలాస్‌పూర్ ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబములు గలవు. గుండె లయ తప్పిన వృద్ధునకు మందు వ్రాసి యిచ్చుట నగరములోని ఆసుపత్రిలో జరుగును. కాని దానిని ప్రతిదినము మ్రింగుట, దాని ఫలితమును కనిపెట్టుట ఇంటియందే జరుగవలెను. కావున ఈ మందుల గుణదోషములను రోగియేగాక ఇంటివారును ఎరిగియుండుట అవసరము.

లయ తప్పుట యననేమి?

ఆరోగ్యవంతుని గుండె విశ్రాంతి సమయమున నిమిషమునకు 60 మొదలు 100 సార్లు సమముగా కొట్టుకొనును. వార్ధక్యము, రక్తపుపోటు, థైరాయిడ్ వ్యాధి, బాల్యమున వచ్చిన కీళ్లవాత జ్వరమువలన చెడిన గుండె కవాటములు మొదలగు కారణములచే ఈ లయ తప్పవచ్చును. గుండె పై గదులు ముడుచుకొనక వణకుచున్నచో అందు రక్తము గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ మెదడునకు చేరినచో పక్షవాతము వచ్చును.

రెండు పొరపాట్లు

మందువలన వికారము గాని నీరసము గాని కలిగినంతనే కొందరు దానిని తామే మానివేయుదురు. మరికొందరు ఎంత బాధ కలిగినను వైద్యునకు తెలుపక మ్రింగుచునే యుందురు. రెండును ప్రమాదకరములే. బాధను గుర్తించి, వ్రాసికొని, వెంటనే వైద్యునకు తెలుపుటయే సరియైన మార్గము. అనేక పర్యాయములు మోతాదు మార్చుటతోనో, వేరొక మందు ఇచ్చుటతోనో ఆ బాధ తొలగును.

మందులు – లక్షణములు

డిగాక్సిన్: ఈ జాతి మందు గుణమును 1785లో విలియమ్ విదరింగ్ అను ఆంగ్ల వైద్యుడు ఒక పూలమొక్క ఆకులనుండి లోకమునకు తెలిపెను. మేలుచేయు మోతాదునకును విషమగు మోతాదునకును అంతరము స్వల్పము. ఆకలి నశించుట, వాంతులు, వస్తువులు పచ్చగా కనిపించుట, నాడి మందగించుట దాని విషలక్షణములు. ఎండకాలమున విరేచనములు, వాంతులు పట్టుకొన్నచో శరీరములోని పొటాషియము తగ్గి ఈ విషము హెచ్చును. అప్పుడు ఓ.ఆర్.ఎస్. ద్రావణము త్రాగుచు వైద్యుని కలిసికొనవలెను. మన పెరళ్లలోని పచ్చగన్నేరు గింజలందును ఇట్టి విషమే గలదు. దానిని నాటుమందుగా ఎన్నడును వాడరాదు.

మెటోప్రొలాల్ వంటి మందులు: ఇవి నాడివేగమును తగ్గించును. అలసట, కాళ్లుచేతులు చల్లబడుట, లేచినపుడు తల తిరుగుట కలుగవచ్చును. పడకనుండి మెల్లగా లేవవలెను. ఉబ్బసము గలవారు ముందే ఆ సంగతి చెప్పవలెను. మధుమేహము గలవారికి చక్కెర తగ్గినపుడు గుండెదడ తెలియకపోవచ్చును. చెమటనుబట్టి గ్రహించి రక్తపరీక్ష చేసికొనవలెను. ఈ మందును హఠాత్తుగా మానినచో గుండెపోటు సయితము రావచ్చును.

అమియోడరోన్: ఇది శరీరమున వారములు, నెలల తరబడి నిలిచియుండును. చర్మము ఎండకు త్వరగా కందును. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఈ సీమలో పొలములందు, పట్టాలపై పనిచేయువారు పొడుగుచేతుల చొక్కా, గొడుగు లేక తలపాగా వాడవలెను. పొడిదగ్గు, ఆయాసము, చూపు మసకబారుట కలిగినచో తడయక తెలుపవలెను. థైరాయిడ్, కాలేయ పరీక్షలు సాధారణముగా ఆరునెలల కొకసారి చేయించుకొనవలెను.

వార్ఫరిన్: ఇది లయను దిద్దదు, రక్తము గడ్డకట్టకుండ చేయుటకు తోడుగా ఇయ్యబడును. అమియోడరోన్ దీని బలమును పెంచును. ఛత్తీస్‌గఢ్‌లో భాజీ యని పిలుచు ఆకుకూరలలోని కె విటమిన్ దీని బలమును తగ్గించును. ఆకుకూరలను మానవలసిన పనిలేదు. ఒకనాడు మెండుగాను, ఒకనాడు శూన్యముగాను గాక సమముగా తినవలెను. చిగుళ్లనుండి రక్తము కారినను, మలము నల్లబడినను తెలుపవలెను.

నాడి చూచుట

అయిదు నిమిషములు కూర్చుండి, బొటనవ్రేలి దిగువ మణికట్టుపై రెండు వ్రేళ్లుంచి, పూర్తిగా ఒక నిమిషము లెక్కించవలెను. బొటనవ్రేలితో చూడరాదు. సంఖ్యను, తేదీని పుస్తకమున వ్రాయవలెను. నాడి ఎంతకు తగ్గినచో కబురు చేయవలెనో వైద్యుని ముందుగనే అడిగి అదే పుస్తకమున గుర్తించుకొనవలెను. ఒక పూట మందు మరచినచో మరునాడు రెట్టింపు మోతాదు తీసికొనరాదు. దగ్గునకో, జ్వరమునకో వేరొక మందు కొనుటకు ముందు వాడుచున్న మందుల పట్టీని చూపవలెను.

ఆలస్యము చేయరాని స్థితులు

స్పృహ తప్పుట, ఛాతీ నొప్పి, తీవ్రమైన ఆయాసము, మూతి వంకరపోవుట, మాట తడబడుట, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట, రక్తస్రావము ఆగకపోవుట కనిపించినచో 108కి ఫోను చేసి రోగిని ఆసుపత్రికి చేర్చవలెను.

మందుల దుష్ఫలితములను నమోదు చేయుటకు 2010లో భారతదేశమున జాతీయ కార్యక్రమము ప్రారంభింపబడెను. 1800-180-3024 అను ఉచిత ఫోను సంఖ్యకు రోగియు, అతని బంధువులును స్వయముగా తెలుపవచ్చును. ఒకరు తెలిపిన సంగతి అదే మందు వాడు పదిమందికి రక్షణ కాగలదు.