ఎండకాలమున ఎండని పెరటితోట



మృగశిర చినుకులు పడగానే చివ్వెంల చుట్టుపట్ల ఊళ్ళలో ఇంటి వెనుక నాలుగు విత్తులు వేయని వారు అరుదు. ఒక మూల పుంటికూర, ఒక వరుస బెండ, దడి మీదికి బీర తీగ. దసరా వరకు కూరకు కొదువ లేదు. అదే పెరటిని ఉగాది దాటిన పిమ్మట ఒకసారి చూడుడు. ఎండిన కట్టెలు, పగిలిన మట్టి, కోళ్ళు తవ్విన గుంటలు. ఆ మూడు నెలలు ఇంటిల్లిపాది పచ్చడి మెతుకులతోను, సూర్యాపేట బజారు నుండి తెచ్చిన వాడిన కూరలతోను గడుపుదురు. "నీళ్ళు లేవు, ఏమి చేయుదుము?" అందురు. ఈ మాటలో సగమే నిజము. ఏ కాలమునకు ఎంత నీరు గలదో అంత తోటయే ఉంచినచో పెరడు ఏ నెలలోను ఎండదు. ఆ లెక్కయే ఈ పాఠము.

ఎందుకింత పట్టుదల?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము, దినమునకు 2000 కిలో కేలరీల ఆహారము తీసుకొను మనిషి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినవలెను. అనగా ఐదుగురున్న ఇంటికి రోజుకు 2 కిలోలు. మనలో ఎన్ని ఇండ్లలో ఇంత వండుచున్నారు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా, ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మంది రక్తహీనతతో ఉన్నట్లు తేలినది. కాలువ కింద వరి పుట్లకొద్ది పండించు జిల్లాలో కూడ తల్లులకు, పిల్లలకు రక్తము చాలకున్నది. గాదె నిండుట వేరు, కంచము నిండుట వేరు.

మరి యొక సంగతి. అవిభక్త నల్లగొండ జిల్లా ప్రజలు నీటిలోని ఫ్లోరైడు వలన తరతరాలుగా బాధపడినారు. కుళాయి నీరు వచ్చిన తరువాత కూడ ఎముకలకు కాల్షియము కావలసినదే. ఆవుపాలు 100 గ్రాములలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియము ఉండగా, మునగాకు 100 గ్రాములలో 300 మిల్లీగ్రాములకు మించి ఉన్నది. ఒక్క మునగ చెట్టు పెరటిలో ఉన్నచో ఆ ఆకు మీ చేతికందినట్లే.

నీటి లెక్క

రెండు గుంటల స్థలము, అనగా 242 చదరపు గజములు, సుమారు 200 చదరపు మీటర్లు, ఐదుగురి ఇంటికి చాలిన తోట. మే నెలలో మన ఎండకు ఒక చదరపు మీటరు మడికి రోజుకు 7 లీటర్ల నీరైనను కావలెను. రెండు గుంటలకు 1400 లీటర్లు, 15 లీటర్ల బిందెతో 93 బిందెలు! ఏ ఇల్లాలు మోయగలదు? మోయలేకనే తోటనంతటిని వదలివేయుచున్నారు.

ఇంటి నుండి వెళ్ళు నీటిని చూడుడు. మిషన్ భగీరథ పథకములో పల్లెలకు మనిషికి రోజుకు 100 లీటర్లు లక్ష్యముగా పెట్టినారు. ఐదుగురికి 500 లీటర్లు. అంత రాకపోయినను, బియ్యము, కూరలు కడిగినది, అంట్లు తోమినది, స్నానము చేసినది కలిపి 200 లీటర్లకు తగ్గకుండ వీధి మురుగులోనికి పోవుచున్నది. ఆ 200 లీటర్లు ఎండకాలమున 28 చదరపు మీటర్లను, అనగా సుమారు 33 చదరపు గజములను తడుపును. రెండు గుంటలలో ఇది ఏడవ వంతు. ఆ ఏడవ వంతునే ఎండకాలపు తోట అనుకొనుడు. మిగిలిన నేలకు విశ్రాంతి ఇండు.

చలికాలమున మడికి ఇందులో సగము నీరు చాలును. కావున ఒక గుంట సాగు చేయవచ్చును. వాడిన నీటికి తోడు బావి నుండి గాని, బోరు నుండి గాని రోజుకు పది బిందెలు చేర్చిన సరిపోవును. వానకాలమున రెండు గుంటలును పచ్చబడవలెను.

వాడిన నీటిని తిన్నగా మడిలోనికి వదలరాదు. అడుగున కంకర, పైన ఇసుక పోసిన చిన్న గుంటలోనికి ముందు పారించవలెను. అందులో వడిసిన నీరు అరటి, బొప్పాయి, మునగ, తీగల పాదులకు మేలు. బట్టలు ఉతికిన సబ్బు నీటిని ఆకుకూరలకు పోయరాదు. పచ్చిగా తిను కొత్తిమీర, ఉల్లికాడ, ముల్లంగి మడులకు మంచి నీరే పోయవలెను.

నేల, ఎరువు, అమరిక

మన చల్క నేల నీటిని నిలుపుకొనదు. తాగినంత త్వరగా ఆరిపోవును. దీనికి మందు చెరువు మట్టి, పశువుల ఎరువు. ఎండకాలమున చెరువు ఎండినప్పుడు ఒండ్రు తెచ్చి మడులలో పలుచగా పరచి కలియదున్నుడు. రెండు గుంటలకు ఏటా ఒక బండి, సుమారు 500 కిలోలు, బాగుగా చివికిన ఎరువు వేయుడు. మన వైపు గొర్రెల మందలకు కొదువ లేదు. పెరడు ఖాళీగానున్న నెలలో నాలుగు రాత్రులు మంద పెట్టించినచో అంతకన్న మంచి ఎరువు లేదు.

మునగ, కరివేపాకు, నిమ్మ, బొప్పాయి వంటి ఏండ్లపాటు నిలుచు చెట్లను ఉత్తరపు, పడమటి అంచులలో నాటుడు. పడమటి మునగ నీడ సాయంకాలపు ఎండను మడుల మీద పడనీయదు. స్నానపు గది నీరు వెళ్ళు దారిలో అరటి పెట్టుడు. ఎండకాలపు మడులకు వంట ఇంటికి దగ్గరి స్థలమునే ఏరుకొనుడు. నీటికి దూరమైన మడి మొదట ఎండును.

వానకాలము

రోహిణి కార్తెలో (మే చివర) వంగ, మిరప నారు పోయుడు. నెల దినముల నారును ఆరుద్ర, పునర్వసు కార్తెలలో నాటుడు. వంగకు ఎటు చూచినను 60 సెంటీమీటర్ల ఎడము ఉండవలెను. మృగశిరలో బెండ, గోరుచిక్కుడు, పుంటికూర, బీర, కాకర, దోస విత్తుడు. నీరు నిలిచిన బెండ, మిరప వేరు కుళ్ళి చచ్చును. కావున మడులను జానెడు ఎత్తు చేసి, చుట్టు కాలువ తీయుడు.

పందిరి చిక్కుడును కూడ జూన్, జూలైలలోనే పెట్టుడు. పొద్దు కురుచ అయినగాని అది పూయదు. తీగ బాగుగా అల్లుకొని యుండి, చలి తగులగానే పూసి, సంక్రాంతికి చెట్టు నిండ కాయును.

చలికాలము

ఇది పెరటికి పండుగ కాలము. ఉత్తర, హస్త కార్తెలలో (సెప్టెంబరు నడుమ నుండి అక్టోబరు మొదటి వరకు) టమాట, క్యాబేజీ నారు పోసి, చిత్త, స్వాతులలో నాటుడు. టమాటకు ఇదియే అదను. పగటి ఎండ 35 డిగ్రీలు దాటినచో పూత నిలువక రాలును. ఏప్రిలులో టమాట చెట్టు పచ్చగానున్నను కాయకపోవుటకు కారణమిదే. ఆ చెట్టుకు పోసిన నీరు వృథా.

పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి ఒక్క దినమున అన్నియు చల్లరాదు. పదునైదు దినములకొక మడి చల్లుడు. అట్లు చేసిన వారికి ఫిబ్రవరి వరకు కోత ఆగదు. ఒక్కసారి చల్లిన వారు ఒక వారము తినలేక పంచి, మరు వారము కొనుచున్నారు.

ఎండకాలము

ఎండకాలపు తోటను మార్చిలో ఆలోచించిన ఆలస్యమే. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర రెండేండ్లకొకసారి మాఘమాసములో జరుగుట మీరెరుగుదురు. జాతర ఉన్న ఏడైనను, లేని ఏడైనను, మాఘమాసమే మీకు గురుతు. శ్రవణం, ధనిష్ఠ కార్తెలలో సొర, బీర, తీగబచ్చలి విత్తులను పందిరి కింద పెట్టుడు. చలి తగ్గుచుండగా మొలిచి, ఏప్రిలు నాటికి పందిరిని కప్పును. ఆ పందిరి నీడన తోటకూర మడులు, గంగవాయిలి కూర వేయుడు. పైన కాయ, కింద కూర. ఒకే నీరు రెండింటికి పనికి వచ్చును. తోటకూర 25 దినములకే కోతకు వచ్చును. గంగవాయిలి ఎండకు వెరవదు.

తీగలకు కుండ పద్ధతి మంచిది. సున్నము గాని రంగు గాని వేయని మట్టికుండను మెడ వరకు పాతి, చుట్టు నాలుగు విత్తులు పెట్టుడు. కుండలో మంచి నీరు పోసి మూత పెట్టుడు. నీరు గోడల గుండ చెమ్మగిల్లి వేళ్ళకే అందును. సబ్బు నీరు పోసినచో కుండ రంధ్రములు మూసుకొనిపోవును.

కోతల తరువాత వరిగడ్డిని పొలములోనే కాల్చు వారున్నారు. ఒక మోపు పెరటికి తెండు. మడుల మీద మూడు అంగుళముల మందము పరచినచో నీరు ఆవిరైపోదు. చల్కలో చెదలు పట్టు భయము గలదు. కావున మొదలుకు బెత్తెడు దూరముగా పరచి, గడ్డి కింద వేపపిండి చల్లుడు. నీరు పొద్దు పొడవక ముందు గాని, పొద్దు క్రుంకిన పిమ్మట గాని పోయుడు.

చీడలు

పత్తికి తెచ్చిన మందు మిగిలినదని పెరటి వంకాయ మీద కొట్టుట ప్రాణముతో చెలగాటము. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని కేంద్ర ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. పెరటి కాయను మనము ఆ పూటనే కోసి వండుదుము. విషము విరిగిపోవుటకు వ్యవధి ఎక్కడిది? జూన్, జూలైలలో రాలిన వేపపండ్ల గింజలను ఏరి ఆరబెట్టి ఉంచుడు. 500 గ్రాముల గింజల పప్పును దంచి, మూటకట్టి, 10 లీటర్ల నీటిలో ఒక రాత్రి నానబెట్టి, పిండి వడకట్టి, కొద్దిగా సబ్బు కలిపి సాయంకాలము చల్లుడు. పేనుబంక, తెల్లదోమ అణగును. ఆకు ఈనెలు పసుపుబారిన బెండ మొక్కను చూచినచో జాలిపడక పీకి కాల్చుడు. దానిని తెల్లదోమ పక్క మొక్కకు అంటించును. పుచ్చిన వంకాయలను, వాలిన కొమ్మలను వారమునకొకసారి కోసి నాశనము చేయుడు.

గ్రామ అధికారులకు ఒక మాట

పంచాయతీ కార్యదర్శులు, అంగన్‌వాడీ టీచర్లు తలచుకొనినచో ఈ పని ఊరంతట వ్యాపించును. వీధిలో మురుగు నిలుచు చోటెల్ల ఒక తోట పోగొట్టుకొన్న చోటని తెలియుడు. అంగన్‌వాడీ వెనుక 33 గజముల ఎండకాలపు తోటను ఒకటి పెంచి చూపుడు. పది ఉపన్యాసముల కన్న అది మేలు. విత్తనములు, సలహాల కొరకు మండల వ్యవసాయ, ఉద్యాన అధికారులను, గరిడేపల్లి మండలములోని గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రమును సంప్రదింపుడు.

కార్తెల పట్టిక

రోహిణి – వంగ, మిరప నారు.
మృగశిర – బెండ, గోరుచిక్కుడు, పుంటికూర, బీర, కాకర, దోస, పందిరి చిక్కుడు.
ఆరుద్ర, పునర్వసు – వంగ, మిరప నాట్లు.
ఉత్తర, హస్త – టమాట, క్యాబేజీ నారు.
చిత్త, స్వాతి – టమాట, క్యాబేజీ నాట్లు. పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి మొదటి మడులు.
శ్రవణం, ధనిష్ఠ – పందిరి కింద సొర, బీర, తీగబచ్చలి.
రేవతి నుండి కృత్తిక వరకు – నీడ మడులలో తోటకూర, గంగవాయిలి, గడ్డి పరచుట.

వానకాలపు తోటను వరుణదేవుడు పెంచును, చలికాలపు తోటను మంచు పెంచును. ఎండకాలపు తోటను మాత్రము ఇంటివారే పెంచవలెను. ఈ ఏడు మీ ఇంట అంట్లు కడిగిన నీరు వీధిలోనికి పోకుండ ఒక చిన్న కాలువ తీయుడు. అది ఎంతవరకు పారునో అంతవరకే విత్తుడు. వచ్చు రోహిణి కార్తెలో ఊరంతయు ఎండియున్నప్పుడు, మీ పిల్లల కంచములో పచ్చని కూర ఉండును.