నిన్నమొన్నటి కట్టడాలకూ పరిశోధకులు కావాలి

ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో 1972లో లేచిన ప్రదర్శనశాల హాల్ ఆఫ్ నేషన్స్‌కు ఆర్కిటెక్ట్ రాజ్ రేవాల్, స్ట్రక్చరల్ ఇంజినీరు మహేంద్ర రాజ్. మామూలుగా స్టీలుతో అల్లే స్పేస్ ఫ్రేమ్‌ను కాంక్రీటుతో సైట్‌లోనే పోతపోశారు. 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రే దాన్ని కూల్చేశారు. కాపాడమని అడిగినవాళ్లకు దొరికిన జవాబు, వారసత్వ గుర్తింపుకు కావాల్సిన 60 ఏళ్లు దానికింకా నిండలేదని! 1958 నాటి పురాతన కట్టడాల చట్టమైతే ఏకంగా వందేళ్లు అడుగుతుంది.

ఇరవయ్యో శతాబ్దపు భవనాల చిక్కంతా ఇక్కడే ఉంది. చట్టం ఆదుకునే వయసు వచ్చేలోపే పోతున్నాయి. అందుకే ఈ రంగంలో మరమ్మతుకన్నా ముందు పరిశోధకుడితో పని. ఎవరు గీశారు, అలా ఎందుకు కట్టారు, తర్వాత ఏమేం మార్చారు అన్నది కాగితాలతో రుజువు చేయాలి.

ల్యాబ్ పనీ ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి చేరేకొద్దీ కాంక్రీటు క్షారగుణం తగ్గి ఊచలు తుప్పుపడతాయి. తుప్పు ఉబ్బి పైపొర పెచ్చులుగా రాలుతుంది. కార్బన్ డయాక్సైడ్ ప్రభావం ఎంత లోతుకు చేరిందో చూడటానికి అప్పుడే పగలగొట్టిన చోట ఫినాఫ్తలీన్ చల్లుతారు. గులాబీ రంగు తేలితే అక్కడ క్షారగుణం నిలిచినట్టు, తేలకపోతే పోయినట్టు. ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్‌కు వాడిందే ఇది.

దారి బీఆర్క్‌తో మొదలు. విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్), హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ మనకు దగ్గర. కన్జర్వేషన్‌లో పీజీకి ఢిల్లీ, భోపాల్ ఎస్‌పీఏలు, అహ్మదాబాద్‌లోని సెప్ట్ ఉన్నాయి. సివిల్ ఇంజినీర్లు ఐఐటీ మద్రాస్‌లోని వారసత్వ కట్టడాల భద్రతా కేంద్రం వైపు చూడొచ్చు. చరిత్ర చదివినవాళ్లకు ఆర్కైవ్స్ పని ఎలాగూ ఉంది. సర్కారు నోటిఫికేషన్ల కోసమే కూర్చుంటే మాత్రం ఈ రంగం మీకు సరిపడదు. పని ఎక్కువగా కన్జర్వేషన్ ఆర్కిటెక్టుల ఆఫీసుల్లో, ఇన్‌టాక్ వంటి వారసత్వ పరిరక్షణ సంస్థల్లో, గ్రాంట్ల మీద నడిచే ప్రాజెక్టుల్లో దొరుకుతుంది. ముందుగా ఇరవయ్యో శతాబ్దపు వారసత్వంపై అంతర్జాతీయ సంరక్షణ సంస్థ ఐకోమోస్ తెచ్చిన 2017 మాడ్రిడ్-న్యూఢిల్లీ డాక్యుమెంట్ చదవండి, చిన్నదే.

బీఆర్క్ థీసిస్‌కి అందరూ చార్మినార్ చుట్టూనే తిరుగుతారు. మీరు మీ ఊరి పాత సినిమాహాలో, బస్టాండో, జిల్లా పరిషత్ భవనమో తీసుకోండి. సర్కారు భవనమైతే ఆర్ అండ్ బీ ఆఫీసులో పాత డ్రాయింగులు అడగండి. లేవంటే టేపు పట్టుకుని మీరే కొలిచి గీయండి. ఇంటర్వ్యూలో మార్కుల మెమోకన్నా ఆ షీట్లకే విలువెక్కువ.