ఫోర్క్‌లిఫ్ట్ ఉద్యోగం: కార్డు ఒక్కటే చాలదు

మేడ్చల్, పటాన్‌చెరు, శ్రీసిటీ గోదాముల చుట్టూ పని కోసం తిరిగే కుర్రాళ్లు ముందుగా అడిగేది, "ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు ఎక్కడిస్తారు సార్?" అని. జవాబు గేటుకు ఇవతలా అవతలా ఒకేలా ఉండదు. ఫ్యాక్టరీ ఆవరణలో మాత్రమే వాడేందుకు తయారైన ప్రత్యేక బండిని 1988 నాటి మోటారు వాహనాల చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. అదే బండి రోడ్డెక్కాలంటే మాత్రం రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్సు కావాలి. కాబట్టి గోదాము లోపలి పనికి కంపెనీలు శిక్షణ సర్టిఫికెట్‌నూ అనుభవాన్నీ చూస్తాయి. ఎల్‌ఎంవీ లైసెన్సు అడిగేవాళ్లూ ఉన్నారు. 18 ఏళ్లు నిండాలి. పదో తరగతి పాసై ఉంటే మేలు; ఎందుకో గల్ఫ్ సంగతి దగ్గర చెబుతాను.

బండ్లు తయారుచేసే కంపెనీలు, వాటి డీలర్లు, లాజిస్టిక్స్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కేంద్రాలు ఈ శిక్షణ ఇస్తాయి. ఒక్క పూటలో కార్డు చేతిలో పెడతామనే చోటుకు వెళ్లకండి. ఫీజు కట్టేముందు రెండే అడగండి: నన్ను సీట్లో ఎన్ని గంటలు కూర్చోబెడతారు? ఒక బండికి ఎంతమంది?

కారు బాగా నడిపేవాళ్లే ఇక్కడ మొదట్లో తడబడతారు. ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలతో తిరుగుతుంది. మలుపులో తోక పక్కకు విసిరి ర్యాక్‌నో మనిషినో తగులుతుంది. అంతకన్నా ముఖ్యం బండి మీద బిగించిన కెపాసిటీ ప్లేటు చదవడం. 2 టన్నులు, 500 మిల్లీమీటర్లు అని ఉంటే, ఫోర్కుల మొదలు నుంచి సరుకు బరువు కేంద్రం అర మీటరు లోపు ఉన్నప్పుడే ఆ 2 టన్నులు. సరుకు పొడుగ్గా ఉండి కేంద్రం ముందుకు జరిగితే ఎత్తగల బరువు తగ్గిపోతుంది. ముందు చక్రాలు రెండూ, వెనక ఇరుసు నడిమధ్య కలిసి ఒక త్రిభుజం. బండీ సరుకూ కలిపిన బరువు కేంద్రం దాని లోపలే ఉండాలి, దాటితే బోల్తా. ఇక సరుకుతో వాలు ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు రివర్స్‌లో రావాలి. బండి పక్కకు ఒరిగితే దూకకూడదు; బెల్టు పెట్టుకునే ఉండి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, పడుతున్న వైపుకు ఎదురు దిక్కుకు వాలాలి. దూకినవాళ్లే బండి కింద నలుగుతారు. ఇంటర్వ్యూలో నన్ను ప్రశ్నలు వేయమంటే మొదట దీన్నే అడుగుతాను.

మామూలు కౌంటర్‌బ్యాలెన్స్ ఫోర్క్‌లిఫ్ట్ నేర్చినంత మాత్రాన రీచ్ ట్రక్ వచ్చేసినట్టు కాదు. ఇరుకు దారుల మధ్య ఎత్తైన ర్యాకుల్లో పాలెట్ పెట్టే రీచ్ ట్రక్‌కు వేరే శిక్షణ కావాలి. అవకాశం ఉంటే రెండూ నేర్చుకోండి.

ఇక్కడి సర్టిఫికెట్ విదేశాల్లో నేరుగా చెల్లుతుందనుకోవద్దు. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ లైసెన్సు తప్పదు, అయిదేళ్లకోసారి రెన్యువల్. దుబాయ్‌లో ఫోర్క్‌లిఫ్ట్‌కు విడిగా లైసెన్సు ఉంది. అమెరికాలో కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన ప్రకారం శిక్షణ ఇప్పించి, పనిచేసే చోట పరీక్షించి సర్టిఫై చేయాల్సింది యజమానే. కనీసం మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షించాలి. ఆన్‌లైన్‌లో పాఠాలు విని కార్డు ప్రింటు తీసుకుంటే అక్కడ సరిపోదు.

జగిత్యాల, సిరిసిల్ల, కడప వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారికి ఇంకో మాట. పదో తరగతి పాసు కాకపోతే పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కింద వస్తుంది, పనికి వెళ్లేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల సర్వీసు ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే ఆగండి. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను కూడా అడగవచ్చు. ఇక్కడి కంపెనీ మానేసేటప్పుడు అనుభవ పత్రంలో బండి రకం, ఎన్ని టన్నులది, డీజిలా బ్యాటరీయా, ఎన్నాళ్లు నడిపారు అన్నవి రాయించుకోండి. "ఆపరేటర్‌గా పనిచేశాడు" అని ఒక్క ముక్క రాసిస్తే తీసుకోకండి.