టికెట్టు కిటికీ దగ్గర

ఎర్రుపాలెం రైలు స్టేషను. ఇంకా తెల్లవారలేదు. అత్తా కోడళ్లు భద్రాచలం రామయ్య దర్శనానికి బయలుదేరారు. కోడలి చంకలో నాలుగేళ్ల పిల్లాడు.

అత్త కిందటేడే చదవడం నేర్చుకుంది. గోడ మీది బోర్డు ముందు నిలబడింది. కూడబలుక్కుంటూ చదువుతోంది.

"ఎంతసేపు చదువుతావు అత్తా? టికెట్లిచ్చే ఆయన ఏది చవకైతే అదే ఇస్తాడులే" అంది కోడలు.

"అట్లా అనుకునే కదా ఆ రోజు డబ్బులు పోగొట్టుకున్నాం" అంది అత్త.

ఆ రోజు వాళ్లు ఖమ్మంలో ప్యాసింజర్ టికెట్టు కొన్నారు. ముందు వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఎక్కేశారు. టీసీ వచ్చాడు. చార్జీల తేడా కట్టమన్నాడు. తలకు 250 రూపాయలు అదనంగా కట్టమన్నాడు. మిరపకాయలు ఏరిన కూలి డబ్బులు అట్లా పోయాయి. టీసీ తప్పేమీ లేదు. తక్కువ రకం టికెట్టుతో ఎక్కువ రకం బండి ఎక్కితే కనీసం అంత కట్టాలని చట్టంలో ఉంది.

మరి టికెట్లిచ్చే ఆయన చవక టికెట్టు వెతికి ఇవ్వాలా? రైల్వే చట్టం 1989లో వచ్చింది. అలా వెతికి ఇవ్వాలని అందులో లేదు. మనం ఏ ఊరికి, ఏ బండికి అడిగితే ఆ టికెట్టు ఇస్తారు. అడగనిది చెప్పకపోవచ్చు.

కానీ అదే చట్టం 49వ సెక్షనులో ఇంకో మాట ఉంది. బండ్ల వేళలు, చార్జీల పట్టిక ప్రతి స్టేషనులో అందరికీ కనిపించేలా పెట్టాలి. హిందీ, ఇంగ్లీషుతోపాటు ఆ ప్రాంతపు భాషలోనూ ఉండాలి. అంటే మనకు తెలుగులో ఉండాలి. చదువు వచ్చినవాళ్లకు ఆ బోర్డే సలహాదారు.

ఒకే ఊరికి వేరువేరు చార్జీలు ఉంటాయి. జనరల్ పెట్టెలో ప్యాసింజర్, మెమూ బండ్లకు కనీస చార్జీ 10 రూపాయలు. ఎక్స్‌ప్రెస్‌కు 30 రూపాయలు. సూపర్‌ఫాస్ట్ అయితే ఇంకో 15 రూపాయలు కలుస్తుంది. కరోనా వచ్చిన 2020 తర్వాత ప్యాసింజర్ బండ్లకు కూడా 30 రూపాయలు తీసుకున్నారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10 రూపాయలు చేశారు.

"ఖమ్మం దాకా ఒక టికెట్టు, అక్కడ ఇంకో టికెట్టు కొందామా?" అని కోడలు అడిగింది.

అలా చేస్తే మామూలుగా ఖర్చు పెరుగుతుంది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే చార్జీ తగ్గుతుంది. ముక్కలు చేస్తే ఆ లాభం పోతుంది. కనీస చార్జీ రెండుసార్లు పడవచ్చు. డోర్నకల్ మీదుగా భద్రాచలం రోడ్ దాకా ఒకే టికెట్టు అడగడం మేలు. భద్రాచలం రోడ్ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి గుడికి బస్సులో వెళ్లాలి.

అత్త కిటికీ దగ్గరికి వెళ్లింది.

"బాబూ, భద్రాచలం రోడ్‌కు తక్కువ చార్జీ బండి ఏది? పిల్లాడికి నాలుగేళ్లు. టికెట్టు కావాలా?"

"ప్యాసింజర్‌కు తక్కువమ్మా. అయిదేళ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు" అన్నాడాయన.

"మరి నా వయసువాళ్లకు రాయితీ?"

"58 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు సగం రాయితీ ఉండేదమ్మా. 2020 మార్చిలో ఆపేశారు."

అత్త టికెట్టు తీసుకుంది. ఊరి పేరు, డబ్బులు చదువుకుంది. చిల్లర లెక్క చూసుకుంది. కోడలు నవ్వింది. "వచ్చేటప్పుడు నేను అడుగుతా అత్తా" అంది.

గుర్తుంచుకోండి

ఏ బండికి ఏ టికెట్టో అడగండి. 5 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు జనరల్ పెట్టెలో సగం టికెట్టు. రోజూ వెళ్లేవాళ్లు నెల పాసు గురించి అడగండి. రైలు ప్రయాణంలో ఇబ్బంది వస్తే 139కి ఫోను చేయండి.

చెప్పండి

1. అత్త బోర్డు ఎందుకు చదివింది?
2. ప్యాసింజర్ టికెట్టుతో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఏమవుతుంది?
3. మీ దగ్గరి స్టేషనులో చార్జీల బోర్డు తెలుగులో ఉందా? చూసి రండి.