నెలకొక ప్రసంగం

1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట నలుదిక్కుల నుండి ఉద్యోగులు వచ్చి మాదాపూర్ పరిసరాల్లో స్థిరపడ్డారు. తాము అనుదినం దాటే దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు నీరందించినదని వారిలో ఎందరెరుగుదురు? నెలకొకసారి ఒక చరిత్రకారుని ఆహ్వానించి ఆయన ప్రసంగాన్ని ఆలకిస్తే ఈ కొరత తీరుతుంది.

ఈ సంప్రదాయం మనకు కొత్త కాదు. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల కృషితో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపితమైంది. ఉర్దూ రాజభాషగా ఉన్న ఆ కాలంలో ఆ గ్రంథాలయమే తెలుగువారికి సభామందిరమైంది. అనంతరం నిజాం ప్రభుత్వం 'గస్తీ నిషాన్ 53' ద్వారా సభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. అయినను తెలుగువారు సభలను విడనాడలేదు.

ఒక గదిలో కూర్చుండి చరిత్రను ఆలకించడానికి నేడు ఎవరి అనుమతీ అక్కరలేదు. కొరవడినది తీరిక మాత్రమే. నెలకొక సాయంకాలాన్ని వెచ్చించిన వారికి ఉద్యోగమిచ్చిన చోటు సొంత ఊరవుతుంది.