కావలి కుక్కపిల్ల గొంతు: ఒక పరిశీలన

మాఘ, ఫాల్గుణ మాసములలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల మీదుగా రాత్రివేళ పయనించువారికి రెండు సంగతులు తప్పక తెలియును: కల్లములలో ఆరబోసిన మిరపకాయల ఘాటు, వాటి కడ నుండి వినవచ్చు కుక్కల అరుపు. యేడాది కష్టమంతయు దినముల తరబడి ఆరుబయట నుండును గనుక రైతు కావలికి కుక్కను పెంచుట సహజమే. అయితే ఆరేడు మాసముల పిల్లను గొలుసున కట్టి, కర్రతో బెదరించి, అది గొంతు చించుకొని అరచినచో "పౌరుషము వచ్చినది" అని సంతసించువారు కలరు. అది పౌరుషమా, భయమా అన్నదే మా ప్రశ్న.

మన భాషలు ఈ భేదమును ఎన్నడో గుర్తించినవి. తెలుగున మొరుగుట వేరు, గుర్రుమనుట వేరు, కుయ్యిమనుట వేరు. ఉర్దూలోను భౌంక్‌నా, గుర్రానా ఒకటి కావు. 1977లో అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ మోర్టన్ పక్షుల, క్షీరదముల ధ్వనులను పరిశీలించి, ఎదిరింపబూనిన ప్రాణి గొంతు లోతుగను గరుకుగను, భయపడిన ప్రాణి గొంతు సన్నగను ఉండునని వివరించెను. పెద్ద దేహమునకు లోతైన ధ్వని సహజము గనుక, గుర్రుమను జంతువు తన్ను పెద్దదిగా చూపుకొనుచున్నదన్నమాట. 2005లో హంగరీ దేశమున పొంగ్రాత్స్ బృందము ముడి జాతి కుక్కల మొరుగులను ధ్వనిముద్రణ చేసి వినిపింపగా, కుక్కలను పెంచనివారు సైతము ఏ మొరుగు ఏ సందర్భమునదో చాలవరకు పోల్చగలిగిరి. లోతుగా, ఎడము లేక వచ్చు మొరుగును వారు కోపముగా గ్రహించిరి.

లేత కుక్క గొంతు ఇంత స్పష్టముగా నుండదు. లోతుగా ఆరంభమైన మొరుగు నడుమ విరిగి కీచుమనును. ఆ విరుపే గమనింపదగినది. అప్పుడు దాని దేహమును చూడవలెను: బరువు వెనుక కాళ్లపైకి పోయినదా, తోక ముడుచుకొన్నదా, చెవులు వెనుకకు వాలినవా? అట్లయిన అది భయము. గొలుసున నున్న పిల్లకు పారిపోవు దారి లేదు గనుక ఆ భయమే దాడి రూపము దాల్చును. కుయ్యిమనుట మాత్రము ఎల్లప్పుడు భయము కాదు. ఆటకై తహతహలాడు పిల్లయు కుయ్యిమనును. నాలుగవ నెల మొదలు ఆరేడవ నెల వరకు పాలపండ్లు ఊడి కొత్తవి వచ్చును. ఆ కాలమున గోనెసంచి కరపించి లాగినచో చిగుళ్ల నొప్పికే అరచును.

శిక్షణలో ఆగంతుకుని పాత్ర వహించువాడే ముఖ్యుడు. అతడు దూరమున, పక్కకు తిరిగి నిలిచి, పిల్ల స్థిరముగా మొరిగిన క్షణముననే వెనుకకు తగ్గవలెను. కీచుగొంతు వినబడినచో మరింత ఎడముగా నిలిచి మరల ఆరంభింపవలెను. కీచుగొంతుకే పరుగిడినచో, భయముతో అరచిన మనుష్యులు పోవుదురని పిల్ల నేర్చుకొనును. యజమాని మాటకు మొరుగు ఆపుట కూడ అంతే అవసరము. మొయినాబాదు పోలీసు శిక్షణాలయమున జాగిలమును, దాని సంరక్షకుని కలిపియే తర్ఫీదు చేయుట ఇందువలననే సార్థకము. గుర్రుమన్నందుకు కొట్టుట మిక్కిలి అపాయకరము. హెచ్చరిక మానిన కుక్క హెచ్చరింపకయే కరచును.

కరచునది దొంగను కాదు; తెల్లవారుజామున తాలుకాయలు ఏరుటకు వచ్చు కూలి స్త్రీని. మూడవ నెలలోనే రేబిస్ టీకా వేయించుట, కాటుపడినచో పదునైదు నిమిషములు పారునీట సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవుట అందరును ఎరుగవలెను.

మా కళాశాలలో కొందరికి కుక్క ప్రసంగము రుచింపకపోవచ్చును. కాని చేను, మంద, వేటల కొరకు కుక్కనుంచుకొనుటను హదీసులు మినహాయించినవి. కహఫ్ సూరాలో గుహ వాకిట ముంగాళ్లు చాచిన కుక్క ప్రస్తావనయు కలదు.

జ్యేష్ఠమున తెచ్చిన రెండు నెలల పిల్లకు కల్లముల నాటికి పది నెలలే నిండును. ఆ యేడు దానిని ఒంటరిగా కావలికి విడువక, టిక్కీలు యార్డుకు చేరువరకు యజమాని మంచము పక్కన పరుండనిచ్చుట మేలు.